లూథర్ నుంచి సిద్దిపేట దాకా: పూజారి అక్కర్లేని మతం మన వాడల్లో ఏమైంది?

సిద్దిపేట చుట్టుపక్కల మాలవాడల్లో, మాదిగవాడల్లో ఉన్న చిన్న చిన్న చర్చిల వంశవృక్షం గీస్తే అది జర్మనీ దాకా పోతుంది. ఈ ప్రాంతంలో మొదట పని మొదలుపెట్టింది వెస్లియన్ మెథడిస్టు మిషన్. 1880ల దశకంలో సికింద్రాబాదు నుంచి కరీంనగర్, సిద్దిపేట, మెదక్‌ల వైపు వచ్చిన ఇంగ్లీషు మిషనరీలది అది. వాళ్ల మూలపురుషుడు జాన్ వెస్లీ. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో, రోమీయులకు రాసిన పత్రికకు మార్టిన్ లూథర్ రాసిన పీఠికను ఎవరో చదువుతుంటే విని వెస్లీ మనసు మారింది. అంటే లూథర్ మాట వెస్లీ చెవిన పడి, వెస్లీ శిష్యుల వెంట నిజాం రాజ్యంలోని వెట్టివాడల దాకా వచ్చిందన్నమాట. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఈ చర్చిలన్నీ మెదక్ డయాసిస్ కిందికి వచ్చాయి.

ఇంత దూరం ప్రయాణం చేసిన ఆ మాటలో అసలు ఏముంది? దాంతో దళితులకు పనేంటి? ఈ ప్రశ్న మన కార్యకర్తలు పెద్దగా వేసుకోలేదు. మతం గొడవ మనకెందుకు అనేవాళ్లు కొందరు. క్రైస్తవం విదేశీ సరుకు అని అగ్రవర్ణాలు అన్న మాటనే తిరిగి అనేవాళ్లు ఇంకొందరు. అయితే అంబేద్కర్ అట్లా అనుకోలేదు. 1936లో రాసిన 'కుల నిర్మూలన'లో ఆయన లూథర్‌ను పేరు పెట్టి ప్రస్తావించాడు. ఐరోపా ప్రజలకు రాజకీయ విముక్తి రాకముందు లూథర్ మత సంస్కరణ వచ్చిందనీ, సాంఘిక, మత విప్లవాలు ముందు నడిస్తేనే రాజకీయ విప్లవం వెనక వస్తుందనీ ఆయన వాదన. అదే పుస్తకంలో ఇంకో ప్రతిపాదన ఉంది. హిందువుల్లో పౌరోహిత్యాన్ని రద్దు చెయ్యాలి, అది కుదరకపోతే కనీసం వారసత్వంగా రాకుండా ఆపాలి, పరీక్ష పెట్టి పాసైన ఎవరికైనా ప్రభుత్వం సనదు ఇవ్వాలి అన్నాడు. ఈ రెండు మాటల్నీ కలిపి చదివితే లూథర్ మనకెందుకో తెలుస్తుంది.

చీటీలు, గింజలు, నూనె సీసాలు

1517 అక్టోబరు 31న లూథర్ తన తొంభై అయిదు సూత్రాలు బయటపెట్టాడు. అప్పటి తగాదా పాపక్షమాపణ చీటీల గురించి. డబ్బు కట్టి చీటీ కొనుక్కుంటే చచ్చినవాళ్లు కూడా శిక్ష నుంచి బయటపడతారని పోపు మనుషులు ఊరూరా అమ్మేవాళ్లు. రోములో సెయింట్ పీటర్ దేవాలయం కట్టడానికి కొంత, జర్మనీలో ఒక ఆర్చిబిషప్ అప్పు తీర్చడానికి కొంత ఆ డబ్బు పోయేది. లూథర్ వేసింది సాదా ప్రశ్నే. పోపుకు ఆ ఆత్మల్ని విడిపించే శక్తి నిజంగా ఉంటే, పైసలు తీసుకోకుండా ప్రేమతో ఎందుకు విడిపించడు?

దీని వెనక ఉన్న సిద్ధాంతం ఏందంటే, మనిషి దేవుని ముందు నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనే, కృప వల్లనే. పుణ్యం పోగుచేసుకునే లెక్కల పుస్తకం ఏదీ లేదు. ఇది ఐరోపాలో ఒక రకంగా వినబడింది, మన దగ్గర ఇంకో రకంగా వినబడుతుంది. పోయిన జన్మ పాపం వల్ల ఈ జన్మలో అంటరానివాడివయ్యావని వేల ఏళ్లుగా వింటున్న మనిషికి, పాతబాకీ ఏమీ లేదు పో అని చెప్పడం చిన్న సంగతి కాదు. కర్మ సిద్ధాంతం వెన్ను విరిచే మాట అది. మన వాడల్లో ముసలమ్మలు 'కృప' అన్న మాటను ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో మేధావులు అర్థం చేసుకోవాలి.

ఈ మాట ఇవాళ మన చర్చిల్లోనే మరుగున పడుతోంది. స్వస్థత సభల్లో అభిషేక తైలం అని సీసాలు అమ్ముతున్నారు. 'విత్తన కానుక' వేస్తే నూరంతలు పంట వస్తుందని, ఉపాధి హామీ కూలి డబ్బుల మీద బతికే అమ్మ దగ్గర వెయ్యి రూపాయలు తీసుకుంటున్నారు. ఐదు వందల ఏళ్ల కింద చీటీ అమ్మినోడికీ ఈ సీసా అమ్మేటోడికీ తేడా మాకైతే కనబడటం లేదు. అక్టోబరు 31న సంస్కరణ దినం ఆచరించే సంఘాలు ఆ రోజైనా ఈ సంగతి ఎత్తుకోవాలి.

ఎవరి భాషలో వాక్యం?

1522 సెప్టెంబరులో లూథర్ జర్మన్ కొత్త నిబంధన అచ్చయింది. 1534కు మొత్తం బైబిలు వచ్చింది. చర్చిలో వాక్యం ఎక్కువగా లాటిన్‌లోనే వినబడే కాలంలో ఇది జరిగింది. సంస్కృతం వినొద్దు, చదవొద్దు అని శాసనం ఉన్న దేశంలో ఉన్నవాళ్లం కాబట్టి దీని బరువు మనకు వేరే చెప్పక్కర్లేదు. 1524లోనే లూథర్ జర్మనీ పట్టణాల పెద్దలకు బడులు పెట్టండని రాశాడు. మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకు కూడా అన్నాడు. పుస్తకం అందరిదీ అయితే చదువు కూడా అందరిదీ కావాలి కదా. మిషన్ బడి, మిషన్ హాస్టలు మన వాడలకు రావడానికి ఈ తర్కమే మూలం.

తెలుగు అచ్చు చరిత్ర కూడా ఇక్కడే మొదలవుతుంది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ తిరిగి జర్మనీ పోయి, 1746–47 ప్రాంతంలో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. వాటిలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి ఒకటి. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు ఇవే. మన సాహిత్య చరిత్రలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి.

బైబిలు తెలుగులోకి వచ్చిన దారి వేరే విధంగా ఉంది. 19వ శతాబ్దం మొదట్లో విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు సువార్తలు తెలుగు చేసినప్పుడు వాళ్లకు సాయపడింది ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. ఆ తర్వాత కూడా పండితుల చెవికి ఇంపుగా ఉండే గ్రాంథికమే బైబిలు భాష అయింది. అనువాదం ఎట్లా చెయ్యాలో 1530లో లూథర్ ఒక బహిరంగ లేఖలో చెప్పాడు. ఇంట్లో తల్లి, వీధిలో పిల్లలు, సంతలో మామూలు మనిషి ఎట్లా మాట్లాడతారో వాళ్ల నోరు చూసి రాయాలి అని దాని సారం. ఆ సూత్రం పాటిస్తే సిద్దిపేట చర్చిలో చదివే బైబిలు సిద్దిపేట అంగట్ల వినబడే తెలుగులో ఉండాలి. కానీ ఇక్కడ పాస్టరు ఇంట్లో ఒక భాష మాట్లాడి, పీఠం ఎక్కగానే 'చెప్పుచున్నాడు', 'వచ్చియున్నాడు' అంటాడు. వాక్యం అంటేనే మనది కాని భాష అన్న భావం మళ్లీ కుదురుకుంది. లాటిన్ పోయింది, గ్రాంథికం వచ్చింది.

1525: లూథర్ ఎవరి పక్కన నిలబడ్డాడు?

1520లో లూథర్ రాసిన పుస్తకాల్లో అసలైన బాంబు ఒకటుంది. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ యాజకుడే అన్నాడు. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు ఎవరి పని వాళ్లు చేస్తారు, కానీ అందరూ సమానంగా అభిషిక్తులే, బిషప్పుది ఒక ఉద్యోగం మాత్రమే, ప్రత్యేక జాతి కాదు అని వివరించాడు. 'చెప్పులు కుట్టేవాడు' అన్న మాట అక్కడ ఉదాహరణ కోసం వచ్చింది. మన దగ్గర అది ఒక కులం పేరు.

ఈ మాటను జర్మనీ రైతులు అక్షరాలా నమ్మారు. 1525 మార్చిలో మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు డిమాండ్లు రాశారు. రాసినవాళ్లలో ఒకడు సెబాస్టియన్ లోట్సర్, తోళ్ల పనివాడు. ఆ డిమాండ్లు తెలంగాణ పాఠకుడు చదివితే ఎక్కడో విన్నట్టు ఉంటాయి. మా పాస్టరును మేమే ఎన్నుకుంటాం, సరిగ్గా లేకపోతే మేమే తీసేస్తాం. మేమిచ్చే ధాన్యం పన్ను పాస్టరుకు, మా ఊరి పేదలకు ఖర్చు కావాలి. క్రీస్తు అందర్నీ విడిపించాడు కాబట్టి దొర కింద బానిసలుగా ఉండం. అడవి, కట్టె, చేప అందరివీ. వెట్టి పెంచొద్దు. ఊరి ఉమ్మడి భూములు తిరిగియ్యాలి. ఇంటి మగాడు చస్తే వితంతువు దగ్గర దొర లాక్కునే పన్ను రద్దు కావాలి. మేమడిగింది వాక్యానికి విరుద్ధమని రుజువు చేస్తే వెనక్కి తీసుకుంటాం అని చివర కలిపారు.

లూథర్ జవాబు మన కార్యకర్తలు తప్పకుండా తెలుసుకోవాలి. మొదట దొరల్ని కూడా తిట్టాడు, ఈ తిరుగుబాటుకు మీ దోపిడీయే కారణం అన్నాడు. కానీ బానిసత్వం రద్దు చెయ్యాలన్న డిమాండ్ దగ్గరికొచ్చేసరికి, క్రైస్తవ స్వేచ్ఛను శరీరానికి సంబంధించిన విషయంగా మారుస్తున్నారు, అబ్రాహాముకు కూడా బానిసలు ఉన్నారు కదా అని వాదించాడు. మే నెలలో ఇంకో కరపత్రం రాసి, తిరగబడ్డ రైతుల్ని చంపెయ్యమని దొరలకు చెప్పాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర రైతుల దండు ఓడిపోయింది. వాళ్ల నాయకుడు థామస్ మ్యూంట్సర్‌ను చిత్రహింస పెట్టి మే 27న తల నరికారు. ఆ యుద్ధంలో చచ్చిన రైతులు డెబ్భై వేల నుంచి లక్ష దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా.

'ఆత్మకు స్వేచ్ఛ, శరీరానికి వెట్టి' అన్న ఈ చీలిక ఆ తర్వాత ప్రతి మిషన్‌తో పాటు ప్రయాణం చేసింది. పరలోకంలో మీకు చోటుంది, ఊళ్లో మాత్రం దొరతో పెట్టుకోకండి అని వాడల్లో చెప్పిన ప్రసంగాలన్నిటికీ మూలం అక్కడుంది. లూథర్‌ను పొగిడే ప్రసంగంలో 1543లో యూదుల మీద ఆయన రాసిన విషపు పుస్తకం కూడా దాచేస్తారు. వాళ్ల గుళ్లు, ఇళ్లు తగలబెట్టమని రాశాడు. ఊరి బయట మనుషుల మీద ద్వేషం ఎట్లా పనిచేస్తుందో తెలిసిన మనం దాన్ని దాచక్కర్లేదు.

లూథర్ ఆగిన చోట ఆగనివాళ్లు కూడా ఉన్నారు. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొందరు, పసిపిల్లలకు రాజ్యం చేయించే బాప్తిస్మం చెల్లదు, తెలిసి నమ్మినవాడికే బాప్తిస్మం అన్నారు. సంఘం వేరు, సర్కారు వేరు అన్నారు. రెండేళ్లకు ఫీలిక్స్ మాంజ్ అనే వాడిని నదిలో ముంచి చంపింది పోపు కాదు, ప్రొటెస్టెంట్ నగర పెద్దలే. ఆ ధోరణి నుంచి వచ్చినవాళ్లే మెనోనైట్లు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీజెన్ అనే మెనోనైట్ బ్రదరన్ మిషనరీ నల్లగొండ వచ్చాడు. తర్వాత అమెరికా మెనోనైట్లు పాలమూరు వైపు పనిచేశారు. నదిలో ముంచబడ్డవాళ్ల వారసులు తెలంగాణ చెరువుల్లో మాలమాదిగలకు బాప్తిస్మం ఇచ్చారు. కానీ దొరను ధిక్కరించిన ఆ తొలి తరం కథ ఇక్కడివాళ్లకు ఎంతమంది చెప్పారు?

ఆదివారం అనే హక్కు

మాట ఒడ్డు దాటి వచ్చినప్పుడు దాని అర్థాన్ని తయారుచేసింది మిషనరీలు కాదు, దళితులే. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందే ఆయన యోగమార్గంలో గురువు. తోళ్ల వ్యాపారం కోసం తిరుగుతూ తనవాళ్లకు సంగతి చెప్పింది ఆయనే. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ముందు ఒక పరీక్ష వచ్చింది. మాదిగ పిల్లల్ని తీసుకుంటే అగ్రకులాల పిల్లలు బడికి రామన్నారు. క్లౌ, ఆయన భార్య కొరింథీయుల పత్రికలో దేవుడు నీచుల్ని, తృణీకరించబడినవాళ్లను ఏర్పరచుకున్నాడన్న భాగం చదివి, మాదిగల వైపు నిలబడ్డారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. పైకి ఇవి మతాచారాలు. కానీ ఊరి పెద్దలు వీటి అసలు అర్థం వెంటనే పట్టేశారు. వెట్టివాడికి వారంలో ఒక రోజు 'నాది' అని ఉండటం, పిలిచినప్పుడు రాకపోవడం, పండగకు డప్పు కొట్టకపోవడం, చచ్చిన గొడ్డు ఎత్తకపోవడం ఊరి పెత్తనానికే ఎసరు. అందుకే ఆ ప్రాంతంలో మాదిగల మీద దాడులు, బహిష్కారాలు జరిగాయి. మెమ్మింగెన్ రైతులు రాతలో పెట్టిన దాన్ని మాదిగలు ఆదివారంగా ఆచరించారు.

మూడో నియమం గురించి మాకు వేరే ఆలోచన ఉంది. జ్యూరిక్‌లో 1524లో విగ్రహాలు తీసేసినప్పుడు అవి ధనవంతుల కానుకలతో కట్టిన చర్చి వైభవం. మన వాడలో పోచమ్మ అట్లాంటిది కాదు. ఆమెకు బ్రాహ్మణ పూజారి లేడు. బైండ్ల వాళ్లే కొలుపు చేస్తారు. ఒక రకంగా చూస్తే, పౌరోహిత్యం బ్రాహ్మడి చేతిలో లేని మతం మనకు లూథర్ కంటే ముందే ఉంది. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ డయాసిస్‌లోని వడియారం పాస్టరేటులో అధ్యయనం చేసి 1968లో పుస్తకం ప్రచురించారు. పల్లె క్రైస్తవుల బతుకులో బాప్తిస్మం, గ్రామదేవతల ఆచారాలు పక్కపక్కనే ఉన్నాయని అందులో చూపించారు. మిషనరీలు దీన్ని బలహీన విశ్వాసం అన్నారు. మేము అట్లా అనం. డప్పును పాపం అని పక్కన పెట్టించడం కూడా ఇదే కోవలోది. ఆ డప్పునే దళిత ఉద్యమం తిరిగి భుజానికెత్తుకుంది.

సిద్దిపేట, మెదక్ వైపు కథలో ఇంకో చిక్కుంది. తెలంగాణ పల్లె మిషనరీని కూడా 'దొర' అనే పిలిచింది. పాస్నెట్ దొర కరువులో పని పెట్టి, అన్నం పెట్టి పదేళ్లు కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, ఐదు వేల మంది పట్టే గుడి. ఆకలికి ఆదుకున్న మాట నిజం. రాళ్లు మోసింది కూడా మనోళ్లే. కానీ వాడకు చర్చి వచ్చినంత తొందరగా సంఘం మీద పెత్తనం వాడకు రాలేదు.

ఎవరి బల్ల, ఎవరి కమిటీ

లూథర్ పనికి గౌరవం ఇచ్చాడని చెప్పుకున్నాం. అదే లూథర్ ఎవరి పిలుపులో వాళ్లు ఉండాలి అని కూడా నేర్పాడు. ఐరోపాలో దీనికి ఎట్లాంటి అర్థం ఉన్నా, కులం ఉన్నచోట అది వర్ణధర్మం పక్కన వచ్చి కూర్చుంటుంది. కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన అని అంబేద్కర్ చెప్పింది ఇందుకే. 'చెప్పులు కుట్టడం పవిత్రమే' అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. కుట్టేది ఎప్పుడూ నేనే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కావాలి.

తమిళనాడులో లైప్‌జిగ్ లూథరన్ మిషన్ ఇంకో అడుగు ముందుకేసింది. రక్షణకు సంబంధం లేని బాహ్యాచారాలు ఉన్నా పర్వాలేదు అన్న పాత లూథరన్ సూత్రం కింద కులాన్ని చేర్చి, అది పౌర విషయం అని సర్దుకుంది. చర్చిలో వేరే వరసలు, ప్రభు బల్ల దగ్గర ముందు వెనక. తెలుగు నాట ఆ సూత్రం అంత బాహాటంగా రాయలేదు గానీ ఆచరణ ఉంది. మాలల చర్చి, మాదిగల చర్చి అని విడిగా ఉన్న ఊళ్లు ఎన్నో. పెళ్లి సంబంధం దగ్గర బాప్తిస్మం పనికిరాదు, ఉపకులమే పనికొస్తుంది. వర్గీకరణ చర్చ మొదలయ్యాక ఈ గోడ ఇంకా కనబడుతోంది. అందరూ యాజకులే అన్న సిద్ధాంతాన్ని ముందు మాల మాదిగల మధ్యనే పరీక్ష పెట్టుకోవాలి.

కాల్విన్ 1541లో జెనీవా సంఘానికి రాసిన నియమావళిలో పాస్టర్లతో పాటు పెద్దలకు, పేదల సొమ్ము చూసే డీకన్లకు వేరు వేరు బాధ్యతలు పెట్టాడు. ఆ పెద్దలు ఎక్కువగా నగర కౌన్సిల్ మనుషులే, అది వేరే కథ. కానీ సంఘం సొమ్ముకు లెక్క ఉండాలన్న ఆలోచన పనికొచ్చేదే. ఇవాళ మన డయాసిస్‌ల ఆస్తులు, స్కూళ్ల స్థలాలు, కమిటీ ఎన్నికలు కోర్టుల్లో నలుగుతున్నాయి. వాడలో కానుక వేసే అమ్మకు ఆ లెక్క ఎవరూ చెప్పరు. ఆ అమ్మే అసలు సంఘాన్ని నడుపుతోంది. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పింది బైబిలు స్త్రీలు. 1523లోనే జర్మనీలో ఆర్గులా ఫోన్ గ్రుంబాఖ్ అనే ఆమె, లూథర్ మాట పలికినందుకు ఒక విద్యార్థిని వేధించిన విశ్వవిద్యాలయ పండితుల్ని చర్చకు రమ్మని సవాలు చేసింది. దక్షిణ ఇండియా సంఘంలో ఒక స్త్రీ, పుష్ప లలిత, నంద్యాల డయాసిస్‌కు బిషప్ కావడానికి 2013 దాకా ఆగాల్సివచ్చింది.

ఇక చివరిది, సర్కారు సంగతి. 1555లో ఆగ్స్‌బర్గ్ ఒప్పందంతో జర్మనీలో ఏ రాజు ఏ మతమో ఆ ప్రజలదీ అదే మతం అన్నారు. మన దగ్గర 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఇంకో రకంగా అదే పని చేస్తోంది. ఏ మతంలో ఉంటే దళితుడివో సర్కారే చెబుతుంది. మొదట హిందువులే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే. క్రైస్తవుడైన మాల, మాదిగ మన దగ్గర బీసీ–సీ. అంటే ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఒకడు. ఎస్సీ సీటుకు పోటీ చెయ్యలేడు, కులం పేరు పెట్టి తిడితే అట్రాసిటీ చట్టం కింద కేసు నిలబడదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసెయ్యమంది. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం ఇంకో కమిషన్ వేసింది.

ఇందుకే మన వాడల్లో ఇంట్లో పిలిచే పేరు ఒకటి, సర్టిఫికెట్‌లో పేరు ఇంకొకటి. సంఘం రిజిస్టరులో సంతకం పెట్టడానికి చదువుకున్న పిల్లలు భయపడుతున్నారు. ఇది దొంగతనం అని కోర్టులు అంటున్నాయి. విశ్వాసం ఒప్పుకోవడానికి ధైర్యం లేదని పాస్టర్లు అంటున్నారు. ఆ పిల్లల నాయన మాత్రం ఊళ్లో టీ కొట్టు దగ్గర విడిగా పెట్టిన గ్లాసులోనే ఇప్పటికీ చాయ్ తాగుతున్నాడు, ఆయన మతం ఏందని అక్కడ ఎవరూ అడగలేదు.